ఏడో గేటు, ఎనిమిదో గేటు, తొమ్మిదో అధ్యాయం

నమోదు 611
భాద్రపద బహుళ అష్టమి. చిన్న పోటు.

పొద్దున్నే ప్రెస్సు రోలర్లు తుడిచాను. సముద్రం కట్టకు అవతలే ఉన్నా దాని ఉప్పు మాత్రం ఇవతలికి వస్తూనే ఉంటుంది. వారం రోజులు తుడవకపోతే అక్షరాలు పొక్కులెక్కినట్టు అచ్చవుతాయి. మా ఆఫీసు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. చేపలు పోయాయి, ఐసు పోయింది, గోడల్లో చల్లదనం మిగిలింది. నలుగురు మనుషులు ఒక మాట కోసం నెలల తరబడి వాదించుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

మాటల కమిటీ కార్యదర్శిగా ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టడం నా పని. సొంత అభిప్రాయాలు రాయకూడదని నిబంధన ఉంది. ఉండనీండి.

సముద్రపు కట్టకున్న గేట్లు నడిపే లస్కర్ల కోసం వేస్తున్న పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలు అచ్చయి, కుట్టించుకుని, పడవలెక్కి వెళ్ళిపోయాయి. తొమ్మిదోది నా బల్ల మీదే ఉంది. గేట్లకు వచ్చే ఒక జబ్బు గురించి చెబుతుందది. పక్కపక్కనున్న రెండు గేట్లకు కలిపి ఒకే కరెంటు లైను, ఒకే వార్తల తీగ ఉంటాయి. మూసుకోవాలంటే ప్రతి గేటుకూ ఆ రెండూ కావాలి. చిన్న పోటులో ఒకదాని తర్వాత ఒకటి మర్యాదగానే మూసుకుంటాయి. పెద్ద పోటులో రెండింటికీ ఒకేసారి తొందర పుడుతుంది. ఒకటి కరెంటు పట్టుకుని తీగ కోసం చూస్తుంది. రెండోది తీగ పట్టుకుని కరెంటు కోసం చూస్తుంది. చేతిలోది ఏదీ వదలదు. అవి అలా నోరు తెరుచుకుని నిలబడి ఉంటే నీళ్ళు లోపలికి వస్తూ ఉంటాయి.

మందు కూడా అధ్యాయంలోనే ఉంది. ఇంతసేపే చూడాలని గేటుకు ముందే చెప్పిపెట్టాలి. ఆ సేపు దాటితే చేతిలోది వదిలేసి, పక్కకు జరిగి, కాసేపాగి మళ్ళీ అడగాలి. ఇంతే సంగతి. ఆ జబ్బును ఏమనాలి, ఆ మందును ఏమనాలి అన్న రెండు మాటలు తేలలేదు. అవి రావాల్సిన చోటల్లా ఖాళీ వదిలి ఉంది. పేజీలు పళ్ళూడిన నోరులా ఉన్నాయి.

నమోదు 612
నవమి.

ఏడో గేటు లస్కరు అచ్చాయమ్మ వైర్‌లెస్‌లో పిలిచింది.

"ఆయ్, మాణిక్యంగారాండి? మొన్న పౌర్ణానికి ఏడూ ఎనిమిదీ మళ్ళీ బిగుసుకుపోయేయండి. చేత్తో తిప్పి మూసేం. నా భుజం ఇంకా సలుపుతానే ఉంది. తొమ్మిదో అధ్యాయం ఎప్పుడంపుతారండి?"

"కమిటీలో ఉందమ్మా."

"అంతకుముందు అమాసకి కూడా కమిటీలోనే ఉందన్నారండి."

అన్నాను. అబద్ధమేమీ కాదు.

"మందు ప్రోగ్రాం నేను రాసేసేనండి. ఎనిమిదో గేటు తాతబ్బాయి చదివేడు. అంతా అర్థమైందన్నాడు. కానీ పైన జబ్బు పేరు లేదు కదా, వేలెయ్యనంటన్నాడు."

తాతబ్బాయిది తప్పు కాదు. యంత్రాలు రాసిన ప్రోగ్రాములు చూడ్డానికి బంగారంలా ఉండి నిండా ముంచిన తర్వాత, గేటు ప్రోగ్రాం మనిషే రాయాలని చట్టం వచ్చింది. రాసినదాన్ని పక్క గేటు లస్కరు చదవాలి. "నాకర్థమైంది" అని వేలిముద్ర వేస్తేనే అది గేటులోకి ఎక్కుతుంది. అది ఏ జబ్బుకు ఏ మందో పైన రాయాలి. ఆ పేర్లు పుస్తకంలోవే అయి ఉండాలి. గువ్వలలంకలో ఒక్కో గేటు వాళ్ళు ఒక్కో పేరు వాడుకునేవాళ్ళు. పక్కవాళ్ళు చదివి, అర్థం కాకపోయినా అడగడానికి నామోషీ పడి, అర్థమైందని వేళ్ళేశారు. ఇప్పుడు గువ్వలలంక పటాల్లో నీలంగా ఉంటుంది. తాతబ్బాయి పుట్టింది అక్కడే.

"ఈ అమాస పోటు పెద్దదంటండి," అంది అచ్చాయమ్మ. "తిప్పే చక్రానికి పళ్ళరిగిపోయేయి. మెరక మీద వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు ఉప్పునీళ్ళు తగిలితే గింజ కట్టదు. పంట పోతే కట్టబోర్డోళ్ళు ఏం చేత్తారో మీకు తెల్సు కదండి."

తెలుసు. పంట ఇవ్వని మెరకను బోర్డు వదిలిన నేల అని రాసేస్తుంది. గేట్లు ఊడదీసి ఇంకో చోటికి పట్టుకుపోతుంది. ఆ రెండు గేట్ల మధ్యనున్న ఇసుకమెరక మీద అచ్చాయమ్మ ఇల్లు, ఆమె తోడికోడళ్ళ ఇళ్ళు, ఇంకో పాతిక కొంపలు ఉన్నాయి.

"పేరెట్టకపోతే బిడ్డ ఏడవదాండి?" అని అడిగింది.

కమిటీ దృష్టికి తీసుకెళ్తానన్నాను. ఈ వాక్యం నేను చాలా బాగా అనగలను.

నమోదు 613
దశమి.

సమావేశం. అధ్యక్షులు ముక్తేశ్వర్రావు గారు, బంగారుపాప గారు, కేశవులు గారు, నేను.

బంగారుపాప గారు డెబ్బై దాటిన మనిషి. ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మాటలు పోగు చేశారు జీవితమంతా. కేశవులు గారు లస్కర్లకు ప్రోగ్రాం రాయడం నేర్పిన మేష్టారు. ఆయన చేత మొట్టికాయ తినని లస్కరు ఈ కట్ట మీద లేడు. తొమ్మిదో అధ్యాయంలో విషయం ఆయనది, వాక్యాలు ఆవిడవి. ఇద్దరూ కలిసి రాశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

వేసవిలో జబ్బు పేరు "ప్రతిష్టంభన" అని ఆవిడ, "డెడ్‌లాక్" అని ఆయన. మందు పేరు "గడువు" అని ఆవిడ, "టైమవుట్" అని ఆయన. అలవాటైన మాట ఉండగా కొత్తది నెత్తిన రుద్దడమెందుకని ఆయన వాదన. అలవాటయింది మీ క్లాసులో కూర్చున్నవాళ్ళకు, వాళ్ళ పక్కన నిలబడి చక్రం తిప్పేవాళ్ళకు కాదని ఆవిడ వాదన. ఇద్దరిదీ సబబే. ఇద్దరిదీ సబబైనప్పుడే కమిటీలు చస్తాయి.

వానలు మొదలయ్యాక రాజీ కుదిరింది. జబ్బుకు ఆవిడ మాట, మందుకు ఆయన మాట. ప్రతిష్టంభనకు మందు టైమవుట్. నాకైతే వినసొంపుగా లేదు కానీ నన్నెవరూ అడగలేదు. మరి అధ్యాయం ఇంకా నా బల్ల మీద ఎందుకుందంటే, ప్రతి మాటకూ ఒక కాగితం ఉంటుంది. దాని మీద కమిటీలో అందరి వేళ్ళూ పడాలి. పడ్డ వేలిని వెనక్కి తీసుకోవడం లేదు.

"ఆవిడ టైమవుట్ మీద వేలేస్తే ఆ మరుక్షణం నేను ప్రతిష్టంభన మీద వేస్తాను," అన్నారు కేశవులు గారు.

"నిరుడు కూడా ఆ మరుక్షణమే అన్నాడు," అన్నారు బంగారుపాప గారు, నా వైపు చూసి. "లూప్ అన్న మాట మీద నా చేత వేలేయించుకున్నాడు. నా మాట వంతు వచ్చేసరికి జ్వరమన్నాడు."

"నిజంగానే జ్వరమండీ! నూట మూడు!"

"అమ్మా, నిబంధనల్లో జ్వరం గురించి ఏమీ లేదు," అన్నారు అధ్యక్షులు. ఆయన ఇలాంటివి చాలా జాగ్రత్తగా చెబుతారు.

అచ్చాయమ్మ సంగతి చెప్పాను. ఇద్దరూ బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. ఇదంతా ఎదుటివాళ్ళవల్లే అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. టీ వచ్చింది, తాగి లేచాం.

నమోదు 614
ఏకాదశి.

పడవ మీద ఇసుకమెరక వెళ్ళాను. కార్యదర్శి ఆఫీసు వదిలి వెళ్ళాలంటే అధ్యక్షుల అనుమతి కావాలి. అడిగితే కమిటీలో పెడతారని అడగలేదు.

వరి నడుమెత్తు ఉంది. అచ్చాయమ్మ ఒక పిలకను తుంచి, ఆకు విప్పి, లోపలున్న తెల్లటి వెన్నును చూపించింది. దారం కంటే కొంచెం లావుగా ఉంది. నా అరచేతిలో పెట్టి, "ఇదేనండి, ఇంకేం లేదు," అంది. ఆ తర్వాత చక్రం చూపించింది. పళ్ళు నిజంగానే అరిగిపోయాయి. నన్ను తిప్పి చూడమంది. నాలుగు చుట్లకు పిడి జారి మోకాలికి తగిలింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నొప్పిగానే ఉంది.

తాతబ్బాయి కాలవ దాటి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"తను రాసిందాన్లో తప్పేం లేదండి," అన్నాడు. "చదివేను. నేనే రాసుంటే ఇంత శుభ్రంగా రాద్దును కాదు. కానీ పేరు లేకుండా వేలేస్తే, రేపు మా తర్వాత వచ్చినోడు ఇదేంటో తెలీక తీసేత్తాడండి. గువ్వలలంకలో మా నాన్న అలాగే తీసేసేడు."

అచ్చాయమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. పంట ఆమెది మాత్రమే కాదు, అతనిదీ ఉంది అందులో. ఇద్దరూ గట్టు మీద కూర్చుని నాకు కొబ్బరి నీళ్ళు కొట్టిచ్చారు. నా ముందు ఎవరైనా అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు. పడవలో వస్తున్నంతసేపూ నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో ఇదమిత్థంగా చెప్పలేను కాబట్టి నలుగురి మీదా అని రాస్తున్నాను, నన్ను కలుపుకుని.

నమోదు 615
ద్వాదశి.

ఒక ఉపాయం చెప్పాను. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెడదాం. ఇద్దరూ బొటనవేళ్ళకు సిరా అద్దుకోండి. నేను మూడు లెక్కపెడతాను. మూడనగానే ఇద్దరూ ఒకేసారి వేయండి. ఎవరు ముందన్న గొడవే ఉండదు.

అధ్యక్షులు నిబంధనలు తిరగేసి, అడ్డేమీ లేదన్నారు. నాకు ఆశ పుట్టింది. ఇలాంటి ఆశలు రాసిపెట్టుకోవడం మంచిది, తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తాయి.

ఒకటి. రెండు. మూడు.

రెండు నల్లటి బొటనవేళ్ళు రెండు కాగితాల మీద గింజంత ఎత్తులో ఆగిపోయాయి. బంగారుపాప గారు ఆయన వేలిని చూస్తున్నారు. కేశవులు గారు ఆవిడ వేలిని చూస్తున్నారు. నేను మళ్ళీ మూడన్నాను. ఎవరూ కదల్లేదు. కేశవులు గారి వేలి నుంచి ఒక సిరా చుక్క కాగితం మీద పడింది.

"పడింది!" అన్నారు అధ్యక్షులు.

"అది చుక్క. వేలు కాదు," అన్నారు బంగారుపాప గారు.

కాగితం పాడైందని కొత్తది తయారు చేయించారు. నేనే చేశాను.

నమోదు 616
చతుర్దశి. పోటు పెరుగుతోంది. రేపు పొద్దుటికి గేట్లు మూసుకోవాలి.

తెల్లారగానే అచ్చాయమ్మ పిలిచింది. ఏమీ అడగలేదు. "పిల్లల్ని మా చెల్లెలింటికి పంపించేసేనండి," అని మాత్రం చెప్పింది. సరేనన్నాను. ఆ తర్వాత చాలాసేపు వైర్‌లెస్ పక్కనే కూర్చున్నాను.

సమావేశంలో మా పద్ధతి ఒకటుంది. ప్రతి అధ్యాయాన్నీ అచ్చుకు ముందు ఒకసారి పైకి చదవాలి, వినడానికి ఎలా ఉందో చూడడానికి. తొమ్మిదోది ఇంకా చదవలేదని గుర్తుచేశాను. మాటలే తేలనిది చదివి ఏం లాభం అన్నారు అధ్యక్షులు. పద్ధతి కదండీ అన్నాను. పద్ధతి అంటే ఆయన కాదనలేరు.

చదివాను. ఖాళీలొచ్చిన చోట ఊపిరి తీసుకుని ముందుకెళ్ళాను. నాటకమేమీ ఆడలేదు, ధాన్యం ధరలు చదివినట్టే చదివాను.

"రెండు గేట్లలో న్యాయం ఏ వైపు ఉందని నీళ్ళు అడగవు. రెండూ తమ వంతు కోసమే చూస్తున్నాయి, రెండూ నిబంధన ప్రకారమే నడుస్తున్నాయి. అయినా పొలం మునుగుతుంది. కాబట్టి ఏదో ఒక గేటు తన చేతిలో ఉన్నదాన్ని వదలాలి. వదిలిన గేటుకు ఆ వంతు పోతుంది. ఆ నష్టం చిన్నది."

ఇక్కడ బంగారుపాప గారు చెయ్యెత్తారు. వాక్యంలో లోపమేమైనా ఉందేమోనని ఆగాను.

"ఎవరు రాశారది?"

"మీరేనండి."

"చివరి ముక్క?"

"చివరి ముక్క నాది," అన్నారు కేశవులు గారు, బల్ల వైపు చూస్తూ.

"బాగుంది," అన్నారావిడ. ఆయన రాసిందాన్ని ఆవిడ బాగుందనడం ఇదే మొదలు. ఇదివరకు నేను నమోదు చేసిన వాటిలో లేదు.

ఆవిడ లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక వేలాడుతున్న సంచీ తీసి భుజానికి తగిలించుకున్నారు.

"ముక్తేశ్వర్రావు గారూ, నేను కమిటీ నుంచి తప్పుకుంటున్నాను. రాసుకోండి."

తప్పుకున్నవాళ్ళు మళ్ళీ రావడానికి లేదు. ఆ కుర్చీలో వేరేవాళ్ళను కూర్చోబెట్టడానికీ లేదు, ఈ కమిటీ ఉన్నన్నాళ్ళూ ఖాళీగా ఉండాల్సిందే. పుస్తకంలో ఇంకా పన్నెండు అధ్యాయాలున్నాయి. ఆవిడ పోగు చేసిన మాటలన్నీ ఆ పన్నెండింటి కోసమే దాచుకున్నవి.

"వేలేస్తే సరిపోతుంది కదమ్మా, తప్పుకోవడమెందుకు?" అన్నాను.

"నేను ముందు వేలేసి, అతను వెయ్యకపోతే అధ్యాయం ఇక్కడే ఉంటుంది. నేను లేకపోతే ఉండదు. ఉన్నవాళ్ళు ముగ్గురూ వేస్తే చాలు." బొటనవేలికి మొన్నటి సిరా ఇంకా ఉంది. దాన్ని ఒకసారి చూసుకున్నారు. "ఏ మాట పెడతారో మీ ఇష్టం. ఆ అమ్మాయికి మాత్రం ఇవాళే అందాలి."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. కేశవులు గారేమైనా అంటారేమోనని చూశారనుకుంటాను. ఆయన ఇంకా బల్ల వైపే చూస్తున్నారు. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద చాలాసేపు వినిపించింది. మోకాళ్ళ నొప్పులు, ఒక్కో మెట్టూ నిదానంగా దిగుతారు.

"సరే, ఇక నీదే కదా కేశవులూ," అన్నారు అధ్యక్షులు తేరుకుని. "రెండూ నీ మాటలే వేసేద్దామా? డెడ్‌లాక్, టైమవుట్. ఒకదానికొకటి అతికినట్టుంటాయి కూడాను."

కేశవులు గారు నా దగ్గరున్న కాగితాలన్నీ అడిగి తీసుకున్నారు. డెడ్‌లాక్ అని వేసవిలో తయారు చేసిన పాత కాగితం కూడా వాటిలో ఉంది. దాని మీద అప్పుడే వేసిన ఆయన వేలు ఉంది. ఇప్పుడు అధ్యక్షులూ నేనూ వేస్తే సరి. దాన్ని చూశారు. మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ప్రతిష్టంభన కాగితం ముందుకు జరుపుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మాణిక్యంగారూ, ఇందులో వత్తు సరిగ్గా పడిందా? ఆవిడ చూస్తే ఊరుకోదు."

"పడిందండి."

వేలేశారు. అదిమి పెట్టి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు ఉంచారు. తర్వాత అధ్యక్షులు, తర్వాత నేను. టైమవుట్ కాగితం మీద కూడా ముగ్గురం వేశాం. ఖాళీలు పూరించి, ఆ అధ్యాయం ఒక్కటే కుట్టకుండా, తడి ఆరకుండా పడవకిచ్చాను. రోలర్లు నిన్ననే తుడిచి ఉండటం మంచిదైంది.

పొద్దు వాలకముందే తాతబ్బాయి గొంతు వైర్‌లెస్‌లో వినిపించింది. "పేరు చూసేనండి. పైన రాసింది. చదివేను. నాకర్థమైంది." చట్టం ప్రకారం అనాల్సిన మాటే అది. అది విని ఏడుపొచ్చింది నాకు. రాయకూడదంటే కొట్టేసుకోండి.

నమోదు 617
అమావాస్య. పెద్ద పోటు.

పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు కట్ట మీది ఎర్రగీత తాకాయి. వైర్‌లెస్ పక్కన నేనూ కేశవులు గారూ కూర్చున్నాం. అధ్యక్షులు రాలేదు, సమావేశం లేని రోజు ఆయన రారు.

"రెండూ ఒకేసారి లేచేయండి," అంది అచ్చాయమ్మ గొంతు. "ఏడు కరెంటు పట్టుకుంది. ఎనిమిది తీగ పట్టుకుంది. నిలబడిపోయేయి."

అవతల నీళ్ళ హోరు వినిపిస్తోంది.

"ఇంకా నిలబడే ఉన్నాయండి."

కేశవులు గారు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు.

"వదిలేసిందండి! ఏడు వదిలేసింది! కరెంటు వదిలేసి పక్కకి జరిగింది. ఎనిమిది దిగుతోంది... దిగుతోంది... మూసుకుపోయిందండీ! ఇప్పుడు ఏడు మళ్ళీ అడుగుతోంది."

కాసేపటికి ఏడు కూడా మూసుకుంది. వరి చేలోకి నీళ్ళు రాలేదని, గట్టు చివరి మడిలో రెండు చాళ్ళు మాత్రం తడిశాయని చెప్పింది. పిల్లల్ని రేపు తెచ్చుకుంటానంది.

"ఆ పేరు నోరు తిరగట్లేదండి మాణిక్యంగారూ. అయినా బాగానే రాసేను. ఎవరెట్టేరండి?"

కేశవులు గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"బంగారుపాప గారు పెట్టారమ్మా," అన్నారు.

నమోదు 621
ఆశ్వయుజ శుద్ధ పంచమి. చిన్న పోటు.

సమావేశం. పదో అధ్యాయం. అధ్యక్షులు, కేశవులు గారు, నేను. బంగారుపాప గారి కుర్చీ నిబంధన ప్రకారం ఎక్కడిదక్కడే ఉంది. దాని వెనక సంచీ లేదు. ఆవిడ ఇసుకమెరక దగ్గర్లో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నారని పడవవాళ్ళు చెప్పారు.

మొదటి మాట చర్చకు వచ్చింది. అనుకోని పొరపాటు జరిగితే గేటు దాన్ని ఎలా పట్టుకోవాలన్నదానికి పేరు. కేశవులు గారు లేచి "ఎక్సెప్షన్" ఎందుకుండాలో చెప్పారు. లస్కర్లకు అలవాటు, పాత పుస్తకాల్లో ఉంది, రాయడం తేలిక. ఎప్పటిలాగే బాగా చెప్పారు. ఆయనకు ఎదురు చెప్పడానికి ఎవరూ లేరు. అధ్యక్షులు వేలికి సిరా అద్దుకున్నారు.

"ఆగండి," అన్నారు కేశవులు గారు.

కూర్చోబోయినవారల్లా మళ్ళీ లేచారు. బల్ల చుట్టూ తిరిగి ఖాళీ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. గొంతు సవరించుకుని, ఎక్సెప్షన్ ఎందుకుండకూడదో చెప్పడం మొదలుపెట్టారు. చక్రం తిప్పేవాళ్ళకు అది తెలియదన్నారు. ముంపు ఊళ్ళలో దీనికి మాటలున్నాయన్నారు, ఏమున్నాయో మాత్రం ఆయనకు తెలియలేదు. ఆవిడంత బాగా చెప్పలేకపోయారు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఆవిడైతే ఇక్కడ ఏమనేదని నన్నడిగారు.

నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. మాట తేలలేదు. వచ్చే సమావేశానికి వాయిదా వేశాం.